తుండుగుడ్డ కింద కుదిరిన బేరం

ఓబులేసు కాలిన గదిలో నుంచి ఇంకా కమురు వాసన వస్తూనే ఉంది.

హిందూపురం శివారులో, ఒకప్పుడు చింతపండు నిల్వ చేసిన కోల్డ్ స్టోరేజీలో ఇప్పుడు జయమంగళి కంప్యూటర్స్ నడుస్తోంది. పల్లె ఆరోగ్య కేంద్రాలకు ఐదువేల కంప్యూటర్లు చేసిచ్చే ప్రభుత్వ ఆర్డరు ఆ చిన్న కంపెనీకి దక్కింది. అన్నీ సిద్ధమే, వాటికి గుండెకాయ లాంటి ప్రాసెసర్ ఎవరిదన్నదే తేలలేదు. ఏళ్ళ తరబడి సరుకు ఇస్తున్న పెద్ద కంపెనీ వార్డెక్స్ ఒకవైపు, కొత్తగా మార్కెట్లోకి దిగిన తాల్వి మరోవైపు. రెండింటినీ వేడి గదిలో పెట్టి, మాడ్చి చూసి, ఏది పనికొస్తుందో రాసి సంతకం పెట్టే బాధ్యత పరీక్షల విభాగం చూసే హేమలతది. ఆ పరీక్ష నడుస్తుండగా, అన్నాల వేళ, వార్డెక్స్ బోర్డులు బిగించిన వరసలో మంట లేచింది. ఆ గదిలో పనిచేసే ఓబులేసు ఒళ్ళంతా కాలి ఆసుపత్రిలో పడ్డాడు. "వాడి అజాగ్రత్త" అని తేల్చేశాడు యజమాని పెద్దకొడుకు భరత్‌కుమార్. అది నిజం కాదని హేమలతకు తెలుసు. నిజమేమిటో మాత్రం తెలియలేదు.

ఈ ఉదయం బెంగళూరు వార్డెక్స్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చేదాకా.

ఆ ఫోన్లో విన్నది అరిగించుకోవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. నీళ్ళు తాగింది. మొహం కడుక్కుంది. బల్ల మీద తన సంతకం కోసం ఎదురుచూస్తున్న రిపోర్టును అక్కడే వదిలేసి, ఖాళీ చేతులతో యజమాని గది వైపు నడిచింది.

బయట ఎండ నేలను పెనం చేసింది. గేటు దగ్గర నీళ్ళ ట్యాంకరు ఆగి ఉంది. క్యాంటీన్ ఆడవాళ్ళు బిందెలతో దాని చుట్టూ మూగి కేకలు వేసుకుంటున్నారు. బోర్డులు బిగించే హాల్లో మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడడం లేదు. మంట లేచిన రోజు నుంచి అక్కడ నవ్వులు లేవు. హేమలత ఆ హాలు దాటుతుంటే స్క్రూడ్రైవర్లు ఆగాయి. అందరి చూపుల్లోనూ ఒకటే ప్రశ్న. సంతకం పెట్టిందా, లేదా? పెడితే రేపటి నుంచి రెండు షిఫ్టుల పని. పెట్టకపోతే తాళం.

ఓబులేసును ఈ పనిలోకి తెచ్చింది హేమలతే. ఆమెది తనకల్లు దగ్గర పల్లె. అతనిది ఆ పక్క ఊరు. వేరుశనగ రెండేళ్ళు వరసగా ఎండిపోతే, కేరళకు కూలికి పోతానని మూట కట్టుకున్నవాడిని ఆపి, ఇక్కడ పని ఇప్పించింది. ఇప్పుడు రిపోర్టు మీద ఆమె సంతకం పడితే, వార్డెక్స్ సరుకులో లోపం లేదని అర్థం. సరుకులో లోపం లేకపోతే లోపం ఓబులేసుదే.

యజమాని గోపాలయ్య గదిలో ఏసీ లేదు. కంప్యూటరూ లేదు. ఐదువేల కంప్యూటర్లు అమ్మబోతున్న ఆ పెద్దమనిషి పరుపు మీద బాసిపట్టు వేసుకుని, ముందు చిన్న బల్ల పెట్టుకుని కూర్చుంటాడు. తెల్ల చొక్కా, భుజాన తుండుగుడ్డ. చింతపండు వ్యాపారం వదిలి పన్నెండేళ్ళయినా ఆ గది గోడలు ఇంకా పులుపు వాసన కొడతాయి.

"రా పాపా. సంతకం పెట్టినావా?"

"లేదు పెద్ద సార్."

"యాలమ్మా, పెన్నులో ఇంకు అయిపోయిందా?" నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగాడు. "కూర్చో. ఆసుపత్రి నుంచి ఏమన్నా కబురొచ్చిందా?"

"అట్లనే ఉండాడంట. నేను వచ్చింది ఇంకో పని మీద. వార్డెక్స్‌కు నేను సంతకం పెట్టను సార్."

గోపాలయ్య కోప్పడలేదు. బేరంలో ఎదుటివాడు మొదటి ధర చెప్పినప్పుడు కూర్చున్నట్టే, కళ్ళు సగం మూసి కూర్చున్నాడు.

"అంటే తాల్వి బాగుండాదంటావు."

"బాగుండాది అనను. నిదానం. ఒక పేజీ తెరుచుకునేదానికి వార్డెక్స్ కంటే రెండు రెప్పపాట్లు ఎక్కువ తీసుకుంటాది. కానీ కాలదు."

"నిదానంగా పోయేదాన్ని డిపార్ట్‌మెంటోళ్ళు తీసుకుంటారా?"

"ఆ పెట్టె యాడ పెడతారో మీకు తెలుసు కదా సార్. రేకుల గది. ఫ్యాను తిరిగితే తిరిగినట్టు. దుమ్ము దూరకూడదని మనం పెట్టెను నాలుగు పక్కలా మూసేసినాము. లోపలి వేడి బయటికి పోయేదానికి దావ లేదు. అందుకే నాకు పరుగెత్తే చిప్పు వద్దు, వేడెక్కని చిప్పు కావాల. మా ఊర్లో నర్సు జయంతి ఆ బల్ల పక్కనే కూర్చొని పసిబిడ్డలకు టీకాలేస్తాది. ఆ బల్ల మీద బ్యాటరీ ఉబ్బి పగిలితే?"

"అవన్నీ నేనూ ఆలోచించినా పాపా." గోపాలయ్య కళ్ళు తెరిచాడు. "నేను చదువుకోలేదు గానీ సరుకు తెలియనోన్ని కాదు. విను. డిపార్ట్‌మెంటోళ్ళ పాత ప్రోగ్రాము వార్డెక్స్ మీద నడుస్తాది, తాల్వి మీద నడవదు. మళ్ళీ రాయించాలంటే రెండు నెల్లు. మనకున్న గడువు దాంట్లో సగం గూడా లేదు. తాల్వి కొత్త కంపెనీ. రేపు మూతపడితే పాడైనదానికి మారు చిప్పు ఎవరిస్తారు? వార్డెక్స్‌ను కాదంటే, నాలుగేండ్ల కిందట సరుకు కరువొచ్చినట్టు మళ్ళీ వస్తే మనకు ఒక్కటంటే ఒక్కటి పంపరు. అప్పుడు ఈ హాల్లో ఉండే ఆడబిడ్డలు యాడికి పోవాల? మళ్ళీ రాయదుర్గం పోయి జీన్సు ప్యాంట్లు కుట్టల్లనా?"

ఆ మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. హేమలత కూడా రాత్రుళ్ళు ఇవే లెక్కలు వేసుకుంది. తక్కెడలో ఒక పళ్ళెంలో వేగం, ఇంకో పళ్ళెంలో వేడి. పాత నేస్తం ఒకవైపు, కొత్త ముఖం ఒకవైపు. ప్రాసెసర్ ఎంచుకోవడమంటే చిప్పును ఎంచుకోవడం కాదని, రేపు మన చెయ్యి ఎవరి చేతిలో ఉండాలో ఎంచుకోవడమని ఆమెకు ఈ ఉద్యోగం నేర్పింది.

"అయినా ఇదంతా ఎందుకు?" గోపాలయ్య గొంతు తగ్గించాడు. "ఆ మాట ఉగాదికే అయిపోయినాది."

"ఏ మాట?"

"వార్డెక్స్ మాట."

హేమలతకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఉగాది నాటికి పరీక్షలు మొదలే కాలేదు. తాల్వి వాళ్ళు బోర్డులు పంపింది ఆ తర్వాత. ఆమె, ఓబులేసు ఆ వేడి గదిలో చెమటతో తడిసి, పూటపూటకూ కొలతలు రాసుకున్నదంతా ఆ తర్వాత.

"ఉగాదికే అయిపోయుంటే నాతో ఇన్ని దినాలు ఏం చేయించినారు సార్?"

ఆయన చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"డిపార్ట్‌మెంటు కమిటీ వాళ్ళు అడుగుతారు కదమ్మా. రెండింటినీ పోల్చి చూసినారా, ఒకర్నే పట్టుకున్నారా అని. చూసినట్టు ఉండల్ల కదా."

చూసినట్టు ఉండడం కోసం. ఓబులేసు వీపు మీది చర్మం ఊడి దుప్పటికి అంటుకుంది. చూసినట్టు ఉండడం కోసం.

"అగ్రిమెంటు యాడుంది? నేను చూడల్ల."

"కాగితమేమీ లేదు." ఆయన భుజం మీది తుండుగుడ్డను తీసి ఒళ్ళో పరుచుకున్నాడు, అదే సాక్ష్యం అన్నట్టు. "తుండు కింద మాట్లాడుకున్నాము."

హిందూపురం చింతపండు మార్కెట్లో పుట్టి పెరిగినవాడికి అది వింత కాదు. అమ్మేవాడు, కొనేవాడు ఎదురెదురుగా కూర్చుంటారు. చేతుల మీద తుండుగుడ్డ కప్పుకుంటారు. గుడ్డ కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని నొక్కుతారు. ఎన్ని వేళ్ళు, ఎక్కడ, ఎంత గట్టిగా అన్నదే ధర. చుట్టూ పదిమంది నిలబడి చూస్తున్నా ఎవరికీ ఏమీ తెలియదు. ఒప్పందం కుదిరాక చేతులు బయటికి వస్తాయి. వచ్చాక మాట మారదు. మారిన మనిషికి ఆ మార్కెట్లో మళ్ళీ ఎవరూ చెయ్యి ఇవ్వరు. గోపాలయ్య నాయన అట్లా బతికాడు. గోపాలయ్యా అట్లాగే బతికాడు. చింతపండు పోయి చిప్పులు వచ్చినా ఆయన చేతులు మారలేదు.

"ధర తగ్గించినారు," అన్నాడు ఆయన. "ఎవురికీ ఇయ్యని ధర. బదులుగా నేనిచ్చిన మాట ఒకటే. మూడేండ్ల దాకా తాల్విది ఒక్క చిప్పు గూడా ఈ గేటు లోపలికి రాకూడదు. నా చెయ్యి ఇచ్చినా పాపా. ఇంక నేను దాన్ని వెనక్కి తీసుకోలేను. ఓబులేసును నేను చూసుకుంటా. వాని ఆసుపత్రి, వాని ఇల్లు, అంతా నాది. నువ్వు సంతకం పెట్టు."

"ఎవరి చేతిలో పెట్టినారు సార్ మీ చెయ్యి?"

"ఇంకెవరు, హనుమంతరాయుడు. వార్డెక్స్ ఏజెంటు. పదేండ్లుగా నాకు తెలిసిన చెయ్యి అది. కండ్లు మూసుకోని పట్టుకున్నా చెప్తా, ఆయప్పదేనని."

"చెయ్యి ఆయనదే సార్." హేమలత గొంతు తనకే కొత్తగా వినిపించింది. "కానీ దాని వెనకాల వార్డెక్స్ లేదు."

"అంటే?"

"దీపావళికి ముందే ఆయన్ను ఉద్యోగంలో నుంచి తీసేసినారు. పొద్దున నాతో మాట్లాడింది బెంగళూరు ఆఫీసులో వాళ్ళ పెద్ద మేనేజరు. మీకు మా నుంచి సరుకు పోయి ఏడు నెలలైంది, మీరు ఆర్డర్లు ఆపేసినారు కదా అని ఆయనే నన్ను అడిగినాడు."

పైన పాత ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది.

"మరి మనకొచ్చిన చిప్పులు?"

"వాళ్ళవే. వాళ్ళు పారేసినవి. తయారయ్యాక వేడి పెట్టి చూస్తే తట్టుకోలేక పక్కకు తీసేసిన సరుకు. తుక్కు కింద పోవాల్సింది. దాన్ని ఎవరో కొని, పైన ఉండే అచ్చు గీకేసి, కొత్త అచ్చు కొట్టినారు. నేను ఫోటో తీసి పంపిస్తే చూసిన వెంటనే చెప్పేసినారు, ఈ నంబర్లు మావి కావు, ఆ సరుకును కరెంటుకు తగిలించొద్దు అని. అప్పటికే మనం తగిలించినాము. ఓబులేసు తగిలించినాడు."

"మచ్చు బాగుండె కదా!" అది ప్రశ్న కాదు, మూలుగు. "మొదట మచ్చుకిచ్చినవి నువ్వే చూసి బాగుండాయని చెప్తివి!"

"మచ్చుకు అసలువి ఇచ్చినారు. లాటులో ఇవి పోసినారు."

గోపాలయ్య తన కుడిచేతిని చూసుకున్నాడు. ఆ చేతిని ఆయన జీవితంలో ఎన్ని గోతాముల్లోకి దింపాడో లెక్కలేదు. పైన నిగనిగలాడే చింతపండు పరిచి, అడుగున గింజలు, రాళ్ళు కలిపి తెచ్చేవాళ్ళను మోచేయి దాకా చెయ్యి దింపి పట్టుకున్న మనిషి. మార్కెట్లో ఆయన ముందు మూట విప్పాలంటే భయపడేవారు.

"చిప్పులకు గోతాము లేకపాయె కదమ్మా," అన్నాడు చివరికి. "యాడ చెయ్యి పెట్టి చూసేది?"

హేమలతకు ఆ మనిషి మీద జాలి వేసింది. అదే సమయంలో కోపమూ వచ్చింది. మనిషిని చూసి సరుకు కొన్నాడు. ఆ మనిషి ఇంకా వార్డెక్స్‌లోనే ఉన్నాడా అని ఒక్కమాట కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోలేదు. కనుక్కుంటే తుండు కింద పెట్టిన చేతిని అవమానించినట్టని అనుకున్నాడు. కాగితం అడిగి ఉంటే హనుమంతరాయుడు ఆ రోజే దొరికిపోయేవాడు. వార్డెక్స్ కాగితం తేవడం అతనికి చేతనయ్యేది కాదు.

"సార్, ఇంకా ఒక్క పెట్టె కూడా ఊర్లకు పోలేదు. ఇప్పుడైనా డిపార్ట్‌మెంటుకు ఫోన్ చెయ్యండి. ఉండేది ఉండేట్టు చెప్పండి. మోసపోయినాము, గడువు కావాల అని అడగండి. అసలు వార్డెక్స్ వస్తే దాన్నీ, తాల్వినీ మళ్ళీ పక్కపక్కన పెట్టి నిజంగా చూస్తా. ఏది గెలిస్తే దానికి పెడతా సంతకం."

"ఆర్డరు పోతాది."

"పోవచ్చు. ఓబులేసు మీద మచ్చ మాత్రం పోతాది."

గోపాలయ్య తుండుగుడ్డను మడిచి పక్కన పెట్టాడు. నడుం మీద చెయ్యి వేసుకుని లేచి, గోడకున్న ఫోన్ దగ్గరికి పోయాడు. ఆయన వెన్ను నిటారుగా ఉంది. ఒకప్పుడు అంగడి వీధిలో ఆయన నడిచి వస్తే జనం పక్కకు జరిగేవారని హేమలత విని ఉంది. అదెందుకో ఆమెకు ఇప్పుడు కనిపించింది.

"పదేండ్లు నా ఇంట్లో కాఫీ తాగినాడు లంజకొడుకు," అన్నాడు నంబరు నొక్కుతూ. "వాన్ని ఊరికే ఇడ్సను. ముందు ఈ పని కానీ."

అవతల ఫోన్ మోగుతున్న శబ్దం హేమలతకు కూడా లీలగా వినిపిస్తోంది. ఆమె ఊపిరి పీల్చుకుంది. నాలుగు రోజుల్లో మొదటిసారి గుండె మీది బరువు కాస్త తేలికైంది. అదే ఊపులో, మనసులో తొలుస్తున్న చివరి ప్రశ్న నోటి నుంచి జారింది.

"ఉద్యోగం పోయినోడు ఇంత సరుకు ఒక్కడే యాడ కొన్నాడు సార్? ఉగాదికి ఆయన్ను ఈడికి పిల్చుకొచ్చింది ఎవరు?"

గోపాలయ్య భుజాలు బిగుసుకున్నాయి.

ఆయన వెనక్కి తిరగలేదు. కానీ ఆయన మెడ నరాలు లేవడం ఆమె చూసింది. ఆ రోజు హనుమంతరాయుడిని కారులో ఎక్కించుకుని వచ్చిందెవరో, పరుపు మీద కూర్చోబెట్టిందెవరో, "నాయనా, నీ పద్ధతిలోనే మాట్లాడుకోండి, కాగితాలు మళ్ళీ చూసుకుందాం" అని తుండుగుడ్డ స్వయంగా అందించిందెవరో ఆయన కళ్ళ ముందు ఒక్కొక్కటిగా నడిచిపోతున్నాయి.

"భరతుడు," అన్నాడు గోడతో.

ఫోన్లో ఎవరో ఎత్తారు. "హలో? హలో, ఎవరండీ?"

గోపాలయ్య ఫోన్‌ను చెవి నుంచి దించాడు.

"హలో?"

ఆయన ఫోన్ పెట్టేశాడు. నిదానంగా, చప్పుడు కాకుండా, నిద్రపోతున్న బిడ్డను పడుకోబెట్టినట్టు.

"సార్..."

"ఉండు పాపా. నన్ను ఒక నిమిషం ఉండనీ."

అప్పుడే హేమలత సెల్ మోగింది. మారెక్క. ఓబులేసు భార్య.

"అక్కా..." అటుపక్క గొంతు ఏడ్చి ఏడ్చి రాయిలా మారిపోయింది. "నన్ను తిట్టుకోవద్దక్కా."

"ఏమైంది మారెక్కా? ఓబులేసు ఎట్లుండాడు?"

"మాట పడిపోతాంది. పొద్దున జడ్జి సారొచ్చి, మమ్మల్నందర్నీ బయటికి పంపి, ఆయప్ప చెప్పింది రాసుకోని పోయినాడు. ఆయప్ప... నీ పేరు చెప్పినాడక్కా."

"నా పేరా? ఏమని?"

"తాల్వోళ్ళ తావ నువ్వు దుడ్లు తీసుకున్నావంట. వార్డెక్స్‌ది కాలిపోవల్లని, గదిలో గాలి ఫ్యాను ఆపమని నువ్వే చెప్పినావంట."

హేమలత గోడకు ఆనుకుంది. ఆ గోడ చల్లగా ఉంది. చింతపండు కోసం కట్టిన మందపాటి గోడ, ఎంత ఎండకైనా చల్లగానే ఉంటుంది.

"ఆ ఫ్యాను తిరుగుతానే ఉండె, మారెక్కా. ఓబులేసుకు తెలుసు."

"తెలుసు. ఆయప్పకూ తెలుసు, నాకూ తెలుసు. భరత్ సారు నిన్నటి నుంచి ఈడే ఉండాడు. ఆయప్ప మంచం పక్క నుంచి కదల్లేదు. నువ్వు బతకవప్పా, పిల్లోల్ల సంగతి చూసుకో అన్యాడు. చదివిస్తాము, ఇల్లు కట్టిస్తాము అన్యాడు. నేనేం చేసేదక్కా? నీళ్ళు లేని ఊర్లో ఇద్దరు పిల్లోల్లను ఏసుకోని యాడ సాకేది? వద్దు అనేదానికి నాకు నోరు రాలే." కాసేపు ఏడుపే వినిపించింది. "లోపలికి పోయే ముందర ఆయప్ప నాతో ఒగే మాట అన్యాడు. మేడం చదువుకున్న మనిషి, యాడైనా బతుకుతాది అన్యాడు."

ఫోన్ తెగిపోయింది.

హేమలత తలెత్తేసరికి గోపాలయ్య ఆమెనే చూస్తున్నాడు. ఆ నిశ్శబ్దపు గదిలో మారెక్క మాటలు ఆయనకూ వినబడ్డాయి. చెప్పవలసిన పని లేకపోయింది.

"మీరు ఉండారు కదా సార్," అందామె. "మీకు అంతా తెలుసు. మీరు ఒక్క మాట చెప్తే చాలు."

ఆయన పెదవులు కదిలాయి. ఏమన్నాడో వినబడేలోగా బయట ట్యాంకరు దగ్గర ఆడవాళ్ళ కేకలు ఒక్కసారిగా ఆగిపోయాయి. గేటు కిర్రుమంది. పోలీసు జీపు లోపలికి వచ్చింది. దాని వెనకాలే భరత్‌కుమార్ తెల్లకారు.

ఎస్సై కుళ్ళాయప్ప నడివయసు మనిషి. టోపీ తీసి చంకలో పెట్టుకుని, గడప దగ్గర బూట్లు విప్పాలా వద్దా అని ఒక క్షణం తటపటాయించి, బూట్లతోనే లోపలికి వచ్చాడు. వెనక భరత్‌కుమార్. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నవాడి కళ్ళు. ఎవరైనా చూస్తే ఎంత మంచి యజమాని అనుకుంటారు.

"నాయనా, నువ్వు కూర్చో," అన్నాడు తండ్రితో. "సార్ ఏదో అడుగుతారంట."

"హేమలతంటే నువ్వేనామ్మా?"

"అవును సార్."

"ఓబులేసు ఏం చెప్పినాడో నీకు తెలుసా?"

"ఇప్పుడే తెలిసింది. అది అబద్ధం సార్. ఆ చిప్పులే నకిలీవి. వార్డెక్స్ బెంగళూరు ఆఫీసుకు ఫోన్ చెయ్యండి, చెప్తారు."

"చేస్తాములే. కంపెనీ సంగతులు నాకు అర్థం కావు, నాకు అర్థమయ్యేది ఒకటి అడుగుతా." కుళ్ళాయప్ప గోపాలయ్య వైపు తిరిగాడు. "పెద్దాయనా, ఆ గదిలో గాలి ఫ్యానుకు స్విచ్చి బయట ఇనుప పెట్టెలో ఉండాదంట. పెట్టెకు తాళం. తాళంచెవి లేంది ఎవరూ దాన్ని ఆపలేరంట. నిజమేనా?"

"నిజమే."

"ఆ తాళంచెవి ఎవరి తావ ఉంటాది?"

గదిలో ఉన్న నలుగురిలో ముగ్గురికి దానికి జవాబు తెలుసు. తాళంచెవి భరత్‌కుమార్ బల్ల సొరుగులో ఉంటుంది. పోయిన ఏడాది ఎవరో తెలియక ఫ్యాను ఆపితే, "ఇంక మీద నా కొడుకు తావ తప్ప ఇంకెవరి తావా ఉండకూడదు" అని హుకుం వేసింది గోపాలయ్యే.

హేమలత ఆయన్నే చూస్తూ నిలబడింది. ప్రాధేయపడలేదు. ఇందాక ఫోన్ దగ్గరికి నడిచిపోయిన ఆ నిటారు వెన్ను ఆమెకు గుర్తుంది. అది చాలనుకుంది.

గోపాలయ్య కొడుకును చూశాడు. భరత్‌కుమార్ మొహంలో ధీమా లేదు. చిన్నప్పుడు దెబ్బలు తినబోయే ముందు పెట్టే మొహం పెట్టాడు. ఆ మొహం మీద నుంచి తండ్రి చూపు నేల మీదికి జారింది.

"ఆయమ్మ తావే ఉంటాది సార్," అన్నాడు.

"గట్టిగా చెప్పు పెద్దాయనా."

"హేమలత తావే ఉంటాది."

వెన్ను వంగిపోయి, పరుపు మీద కూలబడి, ఆయన మళ్ళీ తలెత్తలేదు. హేమలతకు ఏడుపు రాలేదు. మాట తప్పని ఆ మనిషి అబద్ధమాడడం ఆ గోడలు కూడా మొదటిసారి విన్నాయేమో.

"పెద్ద సార్..." అందామె.

"నువ్వేమీ దిగులు పడొద్దు," అన్నాడు కుళ్ళాయప్ప, నిజంగానే మెత్తగా. "ఇప్పటికిది అడిగి తెలుసుకునేదే. స్టేషనుకొచ్చి నువ్వు చెప్పేది చెప్పు. ఆసుపత్రికి పోయి ఆయప్పను ఇంకోసారి అడుగుతాము. నీ ఎదురుగానే అడుగుతాము. అబద్ధమైతే నీ మొహం చూసి ఎంతసేపు చెప్తాడు?"

ఆ మాట పట్టుకుని హేమలత నిలదొక్కుకుంది. నిజమే. ఓబులేసు తన మొహం చూసి ఆ మాట మళ్ళీ అనలేడు. ఒక్కసారి ఎదురుగా నిలబడితే చాలు.

"ఇప్పుడే పోదాం సార్. ముందు ఆసుపత్రికే పోదాం."

"పద."

గడప దాటబోతుండగా ఎస్సై ఫోన్ మోగింది. ఆయన చెవికి పెట్టుకుని విన్నాడు. "ఊఁ" అన్నాడు. "ఎప్పుడు?" అన్నాడు. చంకలోని టోపీని తీసి రెండు చేతులా పట్టుకుని కాసేపు దాని వైపే చూశాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆయన గొంతులో ఇందాకటి మెత్తదనం లేదు.

"ఓబులేసు పోయినాడు."

వెనకాల భరత్‌కుమార్ ఊపిరి వదలడం హేమలతకు స్పష్టంగా వినిపించింది.

"పొద్దున జడ్జి గారు రాసుకున్నది ఉత్త వాంగ్మూలం, అమ్మా. ఇప్పుడది మరణ వాంగ్మూలం, కోర్టులో అదే సాక్ష్యం." కుళ్ళాయప్ప టోపీ తల మీద పెట్టుకున్నాడు. "తాను చెప్పింది అబద్ధమని చెప్పేదానికి ఆయప్ప ఇంక లేడు. జీపెక్కు."